బీరువా జరపబోయి...



ఈ నెల మీతో చెప్పబోయేది ఒక ఇనుప బీరువాను గూర్చిన సంగతి. బీరువాను గూర్చి వ్రాయడానికి ఏముంటుందని మీరనుకోవచ్చు. దానిని మూడడుగులు పక్కకు జరపడానికి అర్ధగంట చాలుననీ, తరువాత చేతులు కడుక్కొని గృహదర్శనమునకు పోవచ్చుననీ నేను లెక్క వేసుకొన్నాను. ఆ అర్ధగంట పని నాకు పదకొండు దినములు పట్టింది. నా జేబులోనుండి మూడు వేల ఎనిమిది వందల రూపాయలు పోయినవి. అవి పోతే పోయినవి. నా సంఘములోని ఒక కుటుంబమునకు జరిగిన నష్టమే ఇన్నేండ్లయినా నా మనస్సులో నుండి పోలేదు. అందుకే ఇది వ్రాస్తున్నాను.

అది 2014 జనవరి. అప్పుడు నేను కర్నూలు జిల్లా పడమటి భాగమున, ఆదోనికి అవతల ఒక పల్లె సంఘములో సేవలో ఉన్నాను. మందిరమునకు ఆనుకొని ఒక చిన్న గది. పైన చవుటి మిద్దె, వెలుతురుకు నడుమ ఒక గవాచి, కింద బేతంచెర్ల బండలు. దానికి ఆఫీసని పేరు. నాకు ముందు పనిచేసిన అయ్యగార్లు ఒక్కొక్కరు విడిచిపోయిన సామానంతా అందులోనే ఉండేది. బాప్తిస్మపు రిజిష్టర్లు, పెండ్లి రిజిష్టర్లు, సమాధుల రిజిష్టరు, కోతపండుగ లెక్కలు, అట్టలూడిన పాటల పుస్తకములు, సండేస్కూలు పటములు, చెడిపోయిన పెట్రోమాక్సు, క్రిస్మసు నక్షత్రము, ఒక హార్మోనియం పెట్టె. పెట్టె మాత్రమే; హార్మోనియం ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు.

బీరువా తలుపు తెరిస్తే బల్లకు తగిలేది. వచ్చినవారు కూర్చోవడానికి ఒకే కుర్చీ. అయినను పని జరుగుతూనే ఉండేది. నిజము చెప్పాలంటే, సర్దాలన్న కోరిక నాకు పని జరగక పుట్టినది కాదు. క్రిస్మసు కూటములకు పట్టణమునకు పోయినప్పుడు ఒక స్నేహితుని ఆఫీసు చూశాను. బల్లమీద అద్దము, వెనుక అలమర, ఎదురుగా నాలుగు కుర్చీలు. వేదశాస్త్రములో డిప్లొమా చదివిన నాకు ఈ కొట్టుగదియా అని ఇంటికి వచ్చేదాకా బస్సులో అనుకొంటూనే ఉన్నాను. ఈ పనికి విత్తనము అక్కడ పడింది.

ఒకటి పట్టుకొంటే పది

సోమవారము ఉదయము పని మొదలుపెట్టాను. నిండు బీరువా కదలదు గనుక లోపలి కాగితములన్నీ తీసి బల్లమీద పెట్టాను. బల్ల చాలక వరండాలో పెట్టాను. ఇద్దరు యౌవనస్థుల సాయముతో బీరువాను జరిపినాము. దాని వెనుక గోడంతా చెదల మట్టి దారులు. వాటిని గీకితే గచ్చు పెళ్ళలుగా ఊడింది. సరే, గోడకు మళ్ళీ పూత వేద్దామన్నాను. పూత వేసేటప్పుడే అలమర కూడా కట్టిస్తే బాగుంటుందని ఒక పిల్లవాడు అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. అలమరకు గోడ తొలిస్తే స్విచ్చుబోర్డు అడ్డము వచ్చింది. దానిని విప్పినాము. సంక్రాంతి దినములు గనుక కరెంటు పనివాడు రాలేదు. గదికి దీపము పోయింది.

బీరువా కాలు ఆనిన చోట బండ కదులుతున్నదని లేపితే, కింద ఎలుకల బొక్కలు. ఒక బండ నాలుగు బండలయింది. బల్లను బయటికి తీద్దామంటే వాకిలి పట్టలేదు. ఏ కాలములోనో వడ్రంగి దానిని గదిలోనే కూర్చి బిగించినట్లుంది. కాళ్ళు కోసి బయటికి తీసినాము. మేకు కొట్టబోతే దంతెల సందుల్లోనుండి మట్టి రాలి, తెరచి ఉంచిన లెక్కల పుస్తకముల మీద పడింది.

మా ఇంటావిడ మధ్యాహ్నము అన్నానికి పిలవడానికి వచ్చి, వాకిట నిలిచి, "మీరు గదిని సర్దుతున్నారా, గదే మిమ్మల్ని సర్దుతున్నదా?" అన్నది. నేను నవ్వి, "ఇంక రెండు దినాలే" అన్నాను. ఆ "రెండు దినాలు" అనే మాట ఆ వారమంతా నా నోట ఊతపదమయింది. ఆదివారపు ప్రసంగము కూడా పాతది తీసి చెప్పాను.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. నేను చేసిన ఏ పనీ చెడ్డది కాదు. చెదలు గీకవలసినదే. బండ సరిచేయవలసినదే. ప్రతి పనికీ ఒక కారణమున్నది. అందువల్లనే ఆగలేకపోయాను. తప్పు పని అయితే మనస్సాక్షి ఆపుతుంది. మంచి పనులు ఒకదాని వెనుక ఒకటి చేయి పట్టుకొని లాగితే ఆపేవారెవరు?

వాకిట నిలిచిన తల్లి

ఆరవ దినము సాయంకాలము మా సంఘములోని ఒక తల్లి వచ్చింది. ఆ యేడు వానలు సరిగా లేవు. పత్తి చేతికి రాలేదు. పడమటి పల్లెలలో ఇటువంటి యేడు ఏమవుతుందో ఈ ప్రాంతము వారికి చెప్పనక్కరలేదు. ఇండ్లకు తాళములు వేసి, ముసలివారిని వాకిట కూర్చోబెట్టి, కుటుంబములకు కుటుంబములే సుగ్గికి పోతారు. 

ఆమె వరండాలోని మూటల నడుమ నిలిచి, "అయ్యగారూ, రేపు రాత్రికి లారీ వస్తాదంట. గుంటూరు తట్టు మిరపకాయలు కోసేదానికి పోతాండాము. పిల్లోళ్ళిద్దర్నీ బోర్డింగులో ఇడిసిపెట్టి పోతే సదువుకుంటారు. మీ చేతి జాబు, సంగం ముద్ర ఉంటే చేర్చుకుంటామనిరి" అన్నది.

లెటరుప్యాడు ఎక్కడున్నది? ముద్ర ఎక్కడున్నది? నాకు తెలియలేదు. రెండు మూటలు విప్పి చూశాను. గదిలో దీపము లేదు. చేతినిండా సిమెంటు. "అమ్మా, ఇంక రెండు దినాలు ఓర్చుకో. గది అయిపోతానే వ్రాసిస్తాను" అన్నాను.

ఆమె ఒకసారి గదివైపు, ఒకసారి నావైపు చూసింది. "లారీ మనకోసం నిలబడదు కదా అయ్యగారూ" అన్నది. కొంచెము సేపు నిలిచి వెళ్ళిపోయింది.

పిల్లల నోటుపుస్తకములోని కాగితము చింపి నాలుగు వరుసలు వ్రాసి ఉండవచ్చును. బోర్డింగు వారికి నా చేవ్రాత తెలుసు. ఫోను చేసి ఉండవచ్చును. మరునాడు ఉదయము బస్సెక్కి నేనే పిల్లలను తీసుకొనిపోయి ఉండవచ్చును. ఇవన్నీ తరువాత తోచినవి. ఆ రాత్రి నాకు తోచినది ఒక్కటే: ఉదయము ఇసుక ట్రాక్టరు వస్తుందా రాదా అని.

మరునాటి రాత్రి లారీ పోయింది. పిల్లలిద్దరూ దానిలోనే పోయారు.

పదకొండవ దినమున ముద్ర దొరికింది. హార్మోనియం పెట్టెలో ఉన్నది. పోకుండా ఉండాలని మొదటి దినమే నేనే గుడ్డలో చుట్టి భద్రముగా పెట్టి మరచినాను.

ఉగాది దాటిన తరువాత వారు తిరిగి వచ్చారు. ఎనిమిదవ తరగతి పిల్లవాడు ఆ యేడు పరీక్షలు వ్రాయలేదు. జూన్‌లో చెల్లెలిని బోర్డింగులో చేర్చినాము. నేనే తీసుకొనిపోయి దించినాను. పిల్లవాడు మాత్రము రాలేదు. కూలి డబ్బులు చేతికి వచ్చిన తరువాత వానికి బడి రుచించలేదు. నేను రెండు మూడు సార్లు వారి ఇంటికి పోయి కూర్చున్నాను. తల వంచుకొని వినేవాడు గాని బడికి పోలేదు. ఆ తల్లిని క్షమించమని అడిగినప్పుడు ఆమె, "మీమీద కోపమేమీ లేదు అయ్యగారూ. ఆ పొద్దు మీరు శానా పనిలో ఉంటిరి" అన్నది. తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

టోబీయా సామానులు

నెహెమ్యా గ్రంథము 13వ అధ్యాయము నేను అంతకుముందు ఎన్నోసార్లు చదివినదే. ఆ యేడు చదివినప్పుడు మాత్రము నా గదిలోని దుమ్ము అందులో కనబడింది. ఎల్యాషీబు అనే యాజకుడు దేవుని మందిరపు గదులమీద అధికారి. నైవేద్యములు, సాంబ్రాణి, పాత్రలు, లేవీయులకును గాయకులకును ద్వారపాలకులకును చెందవలసిన ధాన్యము, ద్రాక్షారసము, నూనె ఉంచే పెద్ద గదిని అతడు తన బంధువైన టోబీయాకు సర్ది ఇచ్చాడు. అదీ ఒక ఆఫీసు సర్దుబాటే. నెహెమ్యా రాజైన అర్తహషస్త యొద్దనుండి తిరిగి వచ్చి చూసి, టోబీయా సామానంతా బయట పారవేయించి, గదులు శుభ్రము చేయించి, పాత్రలను నైవేద్యములను మరల అక్కడ పెట్టించాడు.

మనము సాధారణముగా అంతటితో ఆపుతాము. తరువాతి వచనములో ఇంకొక సంగతి ఉన్నది. లేవీయులకు రావలసిన పాళ్ళు అందక, వారు తమ పని విడిచి ఎవరి పొలములకు వారు వెళ్ళిపోయారని అక్కడ నెహెమ్యా తెలిసికొంటాడు. గది ఒకరి సౌకర్యమునకు మారితే, దాని మీద ఆధారపడినవారు పొలముల పాలయ్యారు. నా గదిలో టోబీయా ఎవరు? ఏ అన్యుడూ కాదు. పట్టణములో చూసిన ఆ అద్దపు బల్లయే.

గుడారములలో నడిచిన రాజ్యము

కర్నూలు జిల్లా వారమైన మనకు ఈ విషయములో ఒక పెద్ద సాక్ష్యము ఉన్నది. 1937 నవంబరులో జరిగిన శ్రీబాగ్ ఒడంబడికను అనుసరించి, ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు రాజధాని రాయలసీమకు వచ్చింది. 1953 అక్టోబరు 1న కర్నూలులో జవహర్‌లాల్ నెహ్రూ గారు రాష్ట్రమును ప్రారంభించారు. టంగుటూరి ప్రకాశం పంతులు గారు మొదటి ముఖ్యమంత్రి. రాజధాని అయితే వచ్చింది గాని ఆఫీసులకు చాలినన్ని కట్టడములు ఊరిలో లేవు. అందుచేత గుడారములు వేసి వాటిలో బల్లలు, కుర్చీలు, ఫైళ్ళు పెట్టుకొని పని నడిపించారు. కర్నూలు ఎండ ఎటువంటిదో మనకు తెలుసు. గుడ్డ కప్పు కింద కూర్చొని ఫైళ్ళు చూసినవారి సంగతి ఊహించుకోండి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాదుకు పోయేవరకు మూడేండ్లు కర్నూలే రాజధానిగా ఉన్నది.

ఒక రాష్ట్రపు పని గుడ్డ గుడారములలో సాగింది. రాతి గోడ, మిద్దె, తలుపు, తాళము అన్నీ ఉన్న నా గదిలో నాలుగు వరుసల జాబు సాగలేదు.

తరువాత నన్ను కడప వైపు సంఘమునకు బదిలీ చేశారు. అక్కడ సి.పి. బ్రౌన్ దొర పేర వెలసిన గ్రంథాలయము చూశాను. 1798లో కలకత్తాలో పుట్టిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్, డేవిడ్ బ్రౌన్ అనే గురువు గారి కుమారుడు. కంపెనీ ఉద్యోగిగా 1820లో కడపకు వచ్చారు. ఆ తరువాత కడపలో ఒక బంగళా కొని, అందులో పండితులను, వ్రాయసకాండ్రను పెట్టి, తాటాకు ప్రతులను తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్చి, తప్పులు దిద్ది, శుద్ధ ప్రతులు వ్రాయించారు. జీతములు తన చేతినుండే ఇచ్చారు. దానిని బ్రౌన్ కాలేజీ అనేవారు. నివసించవలసిన ఇల్లు ఆఫీసయిపోయింది. ఖర్చు మితిమీరి అప్పులు కూడా అయినవి. వేమన పద్యములు 1829లో అచ్చయినవి. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో మద్రాసు వేపేరిలోని క్రైస్తవ జ్ఞాన సంఘపు ముద్రణాలయమునుండి వెలువడింది. ఆ బంగళా కాలక్రమమున శిథిలమయింది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదల వలన ఆ స్థలములో గ్రంథాలయము లేచింది.

బ్రౌన్ గారి ఆఫీసు కూడా చేయి దాటిపోయినదే. అయితే తేడా ఎక్కడ? ఆయన గదిని పని పెంచింది. ప్రతులు వచ్చేకొలది మనుష్యులు, మనుష్యులు వచ్చేకొలది చోటు. నా విషయములో గది తానే పెరిగి పనిని మింగింది. పని పెంచిన గది ఎంత పెరిగినా చివరకు నిఘంటువు మిగులుతుంది. పనిని మింగిన గదికి చివరకు గచ్చు మాత్రమే మిగులుతుంది.

సర్దేవారికి నాలుగు మాటలు

సంఘపు ఆఫీసులు, బడి గదులు, మీ ఇంటి కొట్టుగదులు సర్దవద్దని నా భావము కాదు. సర్దవలసినదే. గోపురము కట్టగోరువాడు ముందు కూర్చొని ఖర్చు లెక్క చూసుకొంటాడని ప్రభువు చెప్పిన మాట బీరువాకు కూడా చెల్లుతుంది. నేను నష్టపడి నేర్చుకొన్నవి ఇవి:

మొదటిది, కదిలించకముందే కొలవండి. బీరువా పొడవు వెడల్పులు టేపుతో కొలిచి, పెట్టదలచిన చోట నేలమీద సుద్దముక్కతో గీయండి. తలుపు తెరుచుకొనే మేర కూడా గీయండి. బల్ల వాకిట పడుతుందో లేదో ముందే తెలుస్తుంది.

రెండవది, ముద్ర, లెటరుప్యాడు, రసీదు పుస్తకము, ఇప్పుడు వ్రాస్తున్న రిజిష్టర్లు, ఒక కలము, వీటిని ఒక సంచిలో వేసి ఇంట్లో వ్రేలాడదీయండి. అది ఎక్కడున్నదో మీతోపాటు ఇంకొకరికి కూడా తెలిసి ఉండాలి. గది లేకపోయినా ఆ సంచి ఉంటే ఆఫీసు ఉన్నట్లే.

మూడవది, ఉదయము మొదలుపెట్టిన భాగము సాయంకాలమునకు ముగియాలి. నడుమ కొత్త పని కనబడితే దానిని కాగితము మీద వ్రాయండి. చెదలు కనబడినవి, వ్రాయండి. బండ కదిలింది, వ్రాయండి. ఆ కాగితమును కమిటీలో పెట్టి, డబ్బు, మనుష్యులు, దినములు లెక్క చూసుకొని తరువాత చేయండి. చెదలు పట్టిన పుస్తకములను మాత్రము వెంటనే తక్కినవాటినుండి వేరు చేయండి.

నాల్గవది, రిజిష్టర్లను నేలమీద గాని, గోడకు ఆనించి గాని, అడుగు అరలో గాని పెట్టవద్దు. చెదలు గోడ వెంబడే వస్తుంది. నీరు అడుగునుండే వస్తుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరమును ముంచిన సంగతి మరువవద్దు. పెండ్లి రిజిష్టరు వట్టి పాత పుస్తకము కాదు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము ఉంచవలసిన దస్తావేజు. ఒక పేదరాలికి తాను ఫలానావాని భార్యనని చూపడానికి అదొక్కటే ఆధారము కావచ్చు.

ఐదవది, కరెంటు పని, మిద్దె పని తెలిసినవారికే విడువండి. దంతెలకు, దూలములకు మేకులు కొట్టవద్దు.

ఆరవది అన్నిటికంటె ముఖ్యము. గది అంతా ఖాళీ చేసినా, వచ్చినవారు కూర్చోవడానికి ఒక కుర్చీని మాత్రము కదిలించవద్దు. దానిమీద ఏ మూటా పెట్టవద్దు.

నేను ఆ సంఘమును విడిచి కొన్ని యేండ్లయింది. ఈ మధ్య ఒక పెండ్లికి పోయినప్పుడు ఆ గది చూశాను. బీరువా నేను జరిపిన చోటనే ఉన్నది. ఇప్పుడు దాని తలుపు బల్లకు తగలదు, కిటికీకి తగులుతుంది. ఇప్పుడున్న తమ్ముడు, "అన్నా, దీన్ని కొంచెం పక్కకు జరపాలనుకుంటున్నా" అన్నాడు. నేను ఆయనను కూర్చోబెట్టి ఈ కథంతా చెప్పాను.

పెండ్లి పందిట్లో ఆ తల్లి కూడా కనబడింది. కూతురు ఇంటరు ముగించి నర్సు ట్రైనింగులో ఉన్నదని సంతోషముగా చెప్పింది. కుమారుని సంగతి అడిగాను. "సుగ్గికి పోయినాడు అయ్యగారూ. ఇప్పుడు వాడే మేస్త్రీ, పదిమందిని పిల్చుకొని పోతాడు" అన్నది. ఆ పదిమంది పిల్లలు ఎక్కడ చదువుకొంటున్నారో అని నాకు వెంటనే తోచింది. సంచిలోనుండి లెటరుప్యాడు తీసి, ఆ తమ్ముని పిలిచి, వారి పేర్లు అడిగి వ్రాసుకొమ్మన్నాను. లారీ ఎప్పుడు వస్తుందో కూడా అడగమన్నాను.